కురచా, పొట్టా, కుదిమట్టమా?

సందేహం: తూటాల పెట్టె ట్రిగ్గర్‌కు వెనక ఉండే బుల్‌పప్ రైఫిల్ గురించి ఒక వ్యాసం రాస్తూ దాన్ని 'కురచ గొట్టం తుపాకి' అన్నాను. మా మాస్టారు 'పొట్టి తుపాకి' అని దిద్దారు. స్నేహితుడేమో 'ఎద్దుకూన తుపాకి' అంటే అచ్చతెలుగులో ఉంటుందంటాడు. ఏది సరైనది? దాని ఇబ్బందులు చెబుతూ 'చేతివాటం సమస్య' అని రాస్తే చదివినవాళ్లు నవ్వారు. అందులో తప్పేముంది?
– ఒక పాఠకుడు, టెక్కలి

సమాధానం: ఎద్దుకూన వద్దు. ఇంగ్లీషులో బుల్ పప్ అంటే బుల్‌డాగ్ పిల్ల. మాటను ముక్కలు చేసి తెలుగు చేస్తే ఇలాగే అవుతుంది.

అసలు సంగతి 'కురచ'లో ఉంది. ఉండాల్సినంత లేనిదే కురచ. ఉతికాక పంచె కురచైంది అంటాం, చొక్కా చేతులు కురచగా ఉన్నాయంటాం. పొట్టి అలా కాదు. పొట్టి మనిషికి లోటేమీ లేదు, ఆయన ఎత్తు అంతే. మీరు 'కురచ గొట్టం' అనగానే గొట్టాన్ని తగ్గించారని అర్థం వస్తుంది. బుల్‌పప్‌లో తగ్గనిది అదే. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ పొడవు 960 మిల్లీమీటర్లు, అందులో గొట్టం 464. మన ప్రత్యేక దళాల చేతుల్లో ఉన్న ఇజ్రాయెల్ టేవోర్ బుల్‌పప్. దాని పొడవు 720, గొట్టం 460. తుపాకి జానెడు పైగా తగ్గింది, గొట్టం మాత్రం దాదాపు అంతే ఉంది.

ఆ జానెడు ఎక్కడ కలిసొచ్చింది? విజయనగరంలో మా వీధిలోనే ఉండే రిటైర్డ్ సుబేదారు గారిని అడిగాను. ఆయన మూలనున్న నా గొడుగు తీసి, వంకీని భుజానికి ఆనించి, గుమ్మంలో గిర్రున తిరిగారు. మొన ద్వారబంధానికి కొట్టుకుంది. "ఇల్లిల్లూ గాలించేటప్పుడు, బండి దిగేటప్పుడు ఇదే మా ఇబ్బంది మాస్టారూ" అన్నారు. మామూలు రైఫిల్లో మేగజైన్ (తూటాల పెట్టె), తూటా పేలే చోటు ట్రిగ్గర్‌కు ముందుంటాయి. వెనకనున్న మడమ భుజానికి ఒట్టి ఆసరా. (తుపాకికి మడమ అన్నవాడెవరో గానీ, ఎంత చక్కటి మాట!) బుల్‌పప్‌లో ఆ సరంజామానంతా మడమలోకి జరిపేశారు.

దానికి మూల్యం ఉంది. ట్రిగ్గర్ ముందు, పేలే చోటు వెనక. రెంటినీ పొడవాటి కడ్డీతో కలపాలి, అందువల్ల నొక్కేటప్పుడు ఏ క్షణాన పేలుతుందో వేలికి స్పష్టంగా తెలియదు. బరువు భుజం వైపు చేరుతుంది. మేగజైన్ మార్చాలంటే చెయ్యి చంక దగ్గరికి వెళ్లాలి. "నేల మీద పడుకుని మార్చి చూడండి, తెలుస్తుంది" అన్నారాయన. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి ఎగిరే కంత సరిగ్గా చెంప దగ్గరికి వచ్చి చేరడం. కుడివైపు ఎగిరేలా చేస్తే, ఎడమ భుజాన పెట్టి కాల్చేవాడి ముఖానికి తగులుతుంది. బ్రిటన్ బుల్‌పప్ ఎల్85ని కుడి భుజం మీద నుంచే కాల్చాలి. ఆస్ట్రియా బుల్‌పప్ స్టెయిర్ ఏయూజీలో అయితే బోల్టు మార్చి, తొడుగు రెండో వైపు ఎగిరేలా చేసుకోవచ్చు.

మీరు చెప్పదలచుకున్నది ఈ చిక్కే. కానీ ముందు ఏ మాటా లేకుండా వచ్చిన 'చేతివాటం' మన వాడుకలో చిన్నాచితకా దొంగతనం. 'దుకాణంలో కుర్రాడికి చేతివాటం ఎక్కువ' అంటే అర్థం అదే. అందుకే నవ్వారు. 'ఎడమచేతివాటం' అని రాయండి, 'పుర్రచేతివాటం' అన్నా సరే. ఆ ఒక్క మాట చేరితే అపార్థం ఉండదు.

మాస్టారు దిద్దిన 'పొట్టి' తప్పు కాదు, కానీ చాలదు. గొట్టం తగ్గించిన కార్బైన్ కూడా పొట్టిదే కదా! నా ఓటు 'కుదిమట్టం'కి. పొట్టిగా, గట్టిగా, దిట్టంగా ఉన్న మనిషిని కుదిమట్టంగా ఉన్నాడంటాం. చెవికి 'కుదించడం' కూడా వినిపిస్తుంది, ఈ తుపాకిలో జరిగిందీ కుదింపే. అయితే అది వర్ణనకే. పేరు మాత్రం బుల్‌పప్ అనే ఉంచండి, మొహమాటం అక్కర్లేదు. 1757లో బొబ్బిలి కోట మీద బుస్సీ పేల్చిన ఫిరంగీ, మనం రోజూ అనే తుపాకీ రెండూ పరాయి మాటలే. ఇప్పుడు వాటిని ఎవరైనా పరాయివంటారా?

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: 'బుల్‌పప్ రైఫిల్ చూడటానికి కుదిమట్టంగా ఉంటుంది, గొట్టం మాత్రం నిండు పొడవే.'