మా అన్న ఆర్మీ నుంచి వచ్చి ఆరు నెలలైనా ఇంట్లో ఇమడలేకపోతున్నాడు, మేమేం చేయాలి?

పదిహేడేళ్ల సర్వీసు ముగించుకొని పరకాల దగ్గరి మీ ఊరికి వచ్చిన మీ అన్నగారు చిన్న మాటకే కోపపడుతున్నారనీ, చేతికొచ్చిన డబ్బుతో హార్వెస్టర్ కొనమని బంధువులు ఒత్తిడి తెస్తున్నారనీ రాశారు. నేనూ అన్నేళ్లే చేసి, 2016లో హవల్దారుగా నర్సంపేట వైపున్న మా ఊరికి వచ్చినవాణ్ని.

తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేది. పక్క మడిచి, గడ్డం గీసుకొని, బూట్లు తుడుచుకొని అరుగు మీద కూర్చున్నాక ఇక వెళ్లవలసిన చోటు ఉండేది కాదు. తెల్ల రంగుతో నా నంబరు రాసి ఉన్న నల్ల ట్రంకు పెట్టెను ఏడాది దాకా పూర్తిగా ఖాళీ చేయలేకపోయాను. ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చి పోయే మనిషిని కాబట్టి పిల్లల ఫీజులు, పొలం కౌలు, మా అమ్మ మందులు అన్నీ నా భార్యే చూసుకునేది. నేను వచ్చి అన్నిటికీ హుకుం జారీ చేయడం మొదలుపెట్టాను. నేను గడప దాటి లోపలికి రాగానే పిల్లలు మాట ఆపేసేవారు. మీ అన్నగారిది పొగరు అని దయచేసి అనుకోకండి.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా అడ్డుపడండి. పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఆ భాగాన్ని ముందే ఒకేసారి మొత్తంగా తీసుకోవచ్చు గానీ, దానికి బదులు నెలనెలా పెన్షన్‌లో పడే కోత పదిహేనేళ్లు సాగుతుంది. అది రేపటి తిండిలోంచి ముందే తీసుకున్న సొమ్ము. నేను వచ్చిన మూడో నెలలోనే దాన్ని ఒక బంధువు హార్వెస్టర్‌లో వాటాగా పెట్టి, రెండు సీజన్లు తిరగకుండానే పోగొట్టుకున్నాను. ఏడాదిపాటు ఆ డబ్బు కదపకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమనండి.

హన్మకొండలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆయన పేరు నమోదు చేయించండి. ప్రభుత్వరంగ బ్యాంకుల క్లర్కు ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 14.5 శాతం, సబ్‌స్టాఫ్‌లో (అటెండర్ల వంటి ఉద్యోగాల్లో) 24.5 శాతం రిజర్వేషన్ ఉంది. పదో తరగతి పాసై పదిహేనేళ్ల సర్వీసు ఉన్నవారిని కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో చాలావాటికి డిగ్రీతో సమానంగా పరిగణిస్తారు. నేను రెండోసారి రాసి క్లర్కునయ్యాను; జీతం కన్నా, ఫలానా వేళకు ఫలానా చోట ఉండాలన్న నియమమే నన్ను నిలబెట్టింది. రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, ఉలిక్కిపడి లేస్తున్నా ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీద పాలీక్లినిక్‌లో డాక్టరుకు చూపించండి, అందులో నామోషీ ఏమీ లేదు. మిలిటరీ క్యాంటీన్ సరుకులకు కూడా ఆయననే పంపండి. అక్కడి వరుసలో తోటి ఫౌజీలతో అదే హిందీలో పది నిమిషాలు మాట్లాడి వచ్చిన రోజున నేను ఇంట్లో ఎవరి మీదా అరిచేవాణ్ని కాదు.

ఇంట్లో ఒక్క పనైనా పూర్తిగా ఆయనకే వదిలేయండి. మా అమ్మ బీపీ మాత్రల డబ్బా, వాటి వేళలు రాసుకున్న నోటుబుక్కు ఒక రోజు నా భార్య నా చేతిలో పెట్టి, మళ్లీ దాని గురించి అడగలేదు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, మాత్రలు నేనే ఇస్తున్నాను.