ఏనాటి ఓమెరు ఆనాటికే

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ప్రార్థనకు మోకరిస్తే గోడతో మాట్లాడుతున్నట్టుంది పిన్నీ, నా విశ్వాసం పోయిందేమో" అని రాశావు. పోయుంటే నాకు ఉత్తరం రాసేదానివే కాదు.

నీకొచ్చిన ఇబ్బంది కొత్తదేం కాదు. బైబిల్లో 13వ కీర్తన తీసి చూడు. "ఎన్నాళ్లవరకు", "ఎంతవరకు" అని దావీదు దేవుణ్ణి నిలదీస్తూనే ఉంటాడు. 88వ కీర్తన అయితే చివరిదాకా తేరుకోదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ఆగిపోతుంది. అయినా మొదటి వచనంలో ఆ కీర్తన రాసిన మనిషి దేవుణ్ణి పిలిచింది "నాకు రక్షణకర్తవగు దేవా" అనే. ఫిర్యాదు కూడా ఆయనకే చేశాడు, పక్కింటివాళ్లకు కాదు. కాబట్టి ఏమీ అనిపించనప్పుడు అనిపించినట్టు నటించకు. "ప్రభువా, ఈరోజు నాకు మాటలు రావడం లేదు" అని చెప్పి, ఒక కీర్తన పైకి చదివి లేచిపో. అదీ ప్రార్థనే.

మన భాషలో నమ్మకం అన్న మాట నాకు చాలా ఇష్టం. ఒకరి మీద పెట్టేదీ నమ్మకమే, ఒకరికి మనం నమ్మకంగా ఉండేదీ నమ్మకమే. కొత్త నిబంధనలోని గ్రీకు మాట పిస్టిస్‌కు కూడా ఈ రెండర్థాలూ ఉన్నాయి. మనం మొదటిదాని కోసమే వెతుక్కుంటూ బెంగపడతాం. రెండోది చేతిలోనే ఉంటుంది. "మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును" అన్నాడు ప్రభువు. ఆఫీసులో నీ పొరపాటును ఇంకొకరి మీదికి నెట్టకుండా ఒప్పుకున్నావనుకో, వస్తానన్న చోటికి వెళ్లావనుకో, ఆ రోజు నీ గుండెలో ఏ వెచ్చదనమూ లేకపోయినా నువ్వు విశ్వాసంలో నడిచినట్టే.

నాకిది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ బాబాయికి ఉద్యోగం పోయిన ఏడాది నేను రాత్రిళ్లు లెక్కలు వేసుకునేదాన్ని. వచ్చే నెల, పైనెల, పిల్లల చదువు, నా ముసలితనం. అన్నీ ఒక్క రాత్రిలోనే తేలిపోవాలన్నట్టు ప్రార్థించేదాన్ని. ఆ రోజుల్లో ఒకసారి నిర్గమకాండం 16వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం మన్నా. అది మనిషికి రోజుకు ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత). రేపటికని దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందురోజు మాత్రం రెండు ఓమెర్లు, అది పాడవలేదు. అలా నలభై ఏళ్లు, ఏ రోజుది ఆ రోజే. చూసిన మొదటిరోజు వాళ్లకు అదేమిటో కూడా తెలియలేదు, "ఇదేమి" అని ఒకరినొకరు అడిగారు.

మొత్తం ఏడాదికి సరిపడా ధైర్యం ఒకేసారి ఇమ్మని నేను అడుగుతున్నానని అప్పుడు తెలిసింది. దేవుడు ఇస్తానన్నది అది కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ "అనుదినాహారము నేడు" అనే ఉంది కదా. అప్పటినుంచి రాత్రి లెక్కలు మానేశాను (పూర్తిగా కాదులే, అప్పుడప్పుడూ దొంగతనంగా వేస్తాను). పొద్దున లేచి ఆ ఒక్కరోజులో భయపడుతున్నది ఏదో పేరు పెట్టి చెప్పి, దానికి మాత్రమే సహాయం అడగడం మొదలుపెట్టాను. సాయంత్రం ఏం జరిగిందో తారీఖు వేసి ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. జవాబు రానివీ రాశాను. వాటిలో కొన్ని ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ఆ ఖాళీలు చూస్తే నాకిప్పుడు భయం లేదు, బాధ మాత్రం ఉంది.

ఒకటి గట్టిగా చెబుతాను. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని నీ సమస్యకు జవాబనుకునే అలవాటు వద్దు. ఒక సువార్త తీసుకుని వరుసగా చదువు, రోజుకు పది వచనాలు చాలు. అలాగే, నిద్ర లేకుండా ఉంటే ముందు నిద్రపో. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ప్రసంగం చేయలేదు, లేపి భోజనం పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ పెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమని ఎవరైనా అంటే వినకు. ఒకామె ఆ మాట విని మందులు ఆపేస్తే ఎంత అవస్థ పడిందో నేను దగ్గరుండి చూశాను.

సంఘానికి వెళ్లాలనిపించడం లేదన్నావు. వెళ్లు. వెనక కూర్చో. నువ్వు పాడలేని రోజు పక్కవాళ్లు పాడతారు, ఇంకో వారం నువ్వు పాడతావు.

"అందరూ నమ్మితే జరుగుతుందంటారు, నేను నమ్మలేదు కాబట్టి జరగలేదా?" అని కూడా అడిగావు. ఈ మాట నిన్ను ఎక్కువ గుచ్చుతోందని తెలుస్తోంది. దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండం ముందు నిలబడ్డ ఆ ముగ్గురూ దేవుడు రక్షించగలడన్నారు, రక్షించకపోయినా ఆ ప్రతిమకు మొక్కేది లేదన్నారు. జరుగుతుందని ముందే తేల్చుకుని నిలబడలేదు వాళ్లు. మార్కు 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ కొడుకును తెచ్చిన తండ్రి అయితే "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఒక్క ఊపిరిలోనే రెండూ చెప్పేశాడు. ఇంకాస్త నమ్మకం తెచ్చుకుని రమ్మని యేసు అతన్ని వెనక్కి పంపలేదు. పిల్లవాణ్ణి బాగుచేశాడు.

ఈ రాత్రి ఆ అధ్యాయం చదివి పడుకో, నేనూ అదే చదువుతాను. రేపటి భయం ఏమిటో రేపు పొద్దున ఒక్క వాక్యంలో రాసి పంపు, దాని కోసం ప్రార్థిస్తాను. ఎల్లుండిది ఎల్లుండి పంపుదువుగాని.

ప్రేమతో,
పిన్ని