వైజాగ్ నుంచి విమానం: దూరమెంత, సమయమెంత?

ప్రశ్న: హైదరాబాద్ గాల్లో 510 కిలోమీటర్లేనట. విమానం గంటకు 800 పైనే పోతుందంటారు. మరి 40 నిమిషాల్లో చేరాలి కదా, టికెట్ మీద గంటంబావు ఎందుకుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం కాదండీ. ఇక్కడ స్టాండ్ (విమానం నిలిపి ఉంచే చోటు) నుంచి కదిలినప్పటి నుంచి శంషాబాద్‌లో స్టాండ్ చేరేదాకా లెక్క. రెండుచోట్లా నేలమీద తిరగడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పోతాయి. మనది నేవీ రన్‌వే (ఐఎన్‌ఎస్ డేగా) కాబట్టి ఒక్కోసారి వాళ్ల విమానాలకు దారిచ్చి ఆగాలి కూడా.

గాల్లోకి లేచాకా పూర్తి వేగం వెంటనే రాదు. 10,000 అడుగుల లోపు మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్లు దాటనివ్వరు. 35,000 అడుగుల నుంచి దిగాలంటే సుమారు 190 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. ఎక్కడానికీ దాదాపు అంతే దూరం పడుతుంది. ఇక నిండు వేగంతో పోయేది మధ్యలో నూరు, నూటపాతిక కిలోమీటర్లే. అందుకే దగ్గర ఊళ్లకు దూరాన్ని వేగంతో భాగిస్తే లెక్క తప్పుతుంది.

విమానం రకం కూడా చూసుకోండి. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ అయితే గంటకు 500 దగ్గరే ఆగుతుంది, ఇంకో పావుగంట కలుపుకోవాలి. ఎయిర్‌పోర్టులో రెండు గంటలు, శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు గంట పైన వేసుకుంటే ఇంటి నుంచి ఇంటికి అయిదు గంటలు. వందేభారత్‌లో 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర. తేడా అనుకున్నంత లేదు!

ప్రశ్న: చలికాలంలో ఢిల్లీ వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువ పడుతోంది. దారి వేరా?
– సీతమ్మధార

జవాబు: దారి కొంచెం అటూ ఇటూ కావచ్చు, అసలు కారణం గాలి. చలికాలంలో ఉత్తరాదిన విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ బలంగా వీస్తుంది. ఢిల్లీ మనకు వాయవ్యాన, 1,355 కిలోమీటర్లు. గంటకు 830తో పోయే విమానాన్ని ఎదురుగాలి సగటున 50 తగ్గిస్తే 104 నిమిషాలు, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 92. అయినా జనవరిలో గాలికి కాదు, ఢిల్లీ పొగమంచుకు భయపడాలి. తెల్లవారుజాము ఫ్లైట్ కన్నా మధ్యాహ్నానిది నయం.

ప్రశ్న: సింగపూర్ టికెట్‌లో రాత్రి 11కి బయల్దేరి 5:30కి చేరుతుందని ఉంది. ఆరున్నర గంటలా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: నాలుగే. దూరం 2,900 కిలోమీటర్లు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, టికెట్‌లో వేసేది ఎక్కడి సమయం అక్కడిది. తిరుగు టికెట్‌లో గంటన్నరే కనబడినా కంగారుపడకండి. ఒకటి మాత్రం జాగ్రత్త: 15వ తేదీ 00:30 అని ఉంటే 14వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి.