ఒక అలవాటే జబ్బుకు కారణమని ఎలా తేలుస్తారు?

రెండూ కలిసి కనిపిస్తే చాలదు. అలవాటు ముందు మొదలైందా, మోతాదుతోపాటు ముప్పు పెరుగుతోందా, మానేస్తే తగ్గుతోందా, వెనుక మరో కారణం దాగి ఉందా అని చూసి తేలుస్తారు. ఈ చివరి ప్రశ్నే అసలు చిక్కు. జేబులో అగ్గిపెట్టె ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగానే వస్తుంది, కానీ తప్పు అగ్గిపెట్టెది కాదు, సిగరెట్‌ది.

బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు 1951 నుంచి వేలమంది వైద్యుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ సిగరెట్లు కాల్చినవారిలో ఆ క్యాన్సర్ మరణాలు ఎక్కువ. మానేసినవారిలో ముప్పు తగ్గింది.

"మా తాత తొంభై ఏళ్లదాకా చుట్ట కాల్చాడు, ఏమీ కాలేదు" అనే వాదన మాత్రం చెల్లదు. కారణమంటే కాల్చిన ప్రతివారికీ జబ్బు రావాలని కాదు, కాల్చనివారికి రాకూడదనీ కాదు. కాల్చేవారిలో దాని వల్ల ముప్పు పెరగడం.