డిస్కులు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు?

మీ ప్రశ్న ఇది: "మా సంస్థలో స్కేలబుల్ నెట్‌వర్క్ స్టోరేజ్ ఆపరేటింగ్ సిస్టమ్ కొంటామని కొటేషన్లు తెప్పిస్తున్నారు. ఒక మంచి సర్వర్‌లో పెద్ద డిస్కులు వేసి ఫోల్డర్ షేర్ చేస్తే సరిపోదా? దీని అసలు ప్రయోజనం ఏమిటి?"

చాలామంది దీనికి "ఎక్కువ స్థలం కోసం" అని జవాబు చెబుతారు. నేను ఒప్పుకోను. స్థలం కావాలంటే డిస్కులు కొంటే వస్తుంది. చాలా యంత్రాల డిస్కులను కలిపి ఒకే నిల్వగా చూపే ఈ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది ఫైలు చిరునామా ఎప్పటికీ మారకుండా చూడటానికి. అడుగున డిస్కులు నిండినా, చెడిపోయినా, పాత యంత్రాలు పోయి కొత్తవి వచ్చినా పైన కూర్చుని పనిచేసే మనిషికి ఆ సంగతి తెలియకూడదు. హైదరాబాద్‌లో సినిమా గ్రాఫిక్స్ స్టూడియోల్లో చాలా ఏళ్లు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేశాను. ఈ మాట అక్కడి అనుభవంతోనే అంటున్నాను.

ముందు సినిమా పనిలో డేటా ఏ స్థాయిలో ఉంటుందో చూడండి. 4096×2160 సైజులో 10 బిట్ల డీపీఎక్స్ (సినిమా ఫ్రేములను దాచే ఫైలు రకం) ఫ్రేము ఒక్కొక్కటి 35 మెగాబైట్ల పైమాటే. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఒక్క మనిషి తన షాటును ఆగకుండా ప్లే చేసి చూసుకోవాలంటే సెకనుకు 850 మెగాబైట్లు అందాలి. మామూలు గిగాబిట్ కేబుల్‌లో 110, 115 మించి రావు. రెండున్నర గంటల సినిమా ఒక్క కాపీయే ఏడున్నర టెరాబైట్లు. ప్లేట్లు (కెమెరాతో తీసిన అసలు దృశ్యాలు), మ్యాట్లు (ఫ్రేములో ఏ భాగాన్ని వేరుచేయాలో చెప్పే ముసుగు బొమ్మలు), వెర్షన్లు కలిపితే దానికి ఎన్ని రెట్లవుతుందో ఊహించుకోండి.

అప్పట్లో మా స్టూడియోలో విడివిడి ఫైల్ సర్వర్లు ఉండేవి. ఒకటి నిండగానే ఇంకొకటి కొనేవారు. ప్రతి కంప్యూటర్‌లో ఎక్స్, వై, జడ్ అంటూ డ్రైవ్ అక్షరాలు వరుసగా పెరిగిపోయాయి. ఏ రీలు ఏ సర్వర్‌లో ఉందో ఒక కాగితం మీద ముద్రించి గోడకు అంటించేవారు. మారినప్పుడల్లా ప్రొడక్షన్ కోఆర్డినేటర్ దాన్ని పెన్నుతో దిద్దేవారు. కోట్ల రూపాయల పని ఆ కాగితం మీద ఆధారపడి నడిచేది.

ఒక పెద్ద సినిమా విడుదల దగ్గరపడింది. మర్నాడు ఉదయం దర్శకుడికి క్లైమాక్స్ రీలు చూపించాలి. ముందురోజు సాయంత్రం వై డ్రైవ్ నిండిపోయి రెండర్లు (కంప్యూటర్లు తుది ఫ్రేములు తయారుచేసే పని) ఆగిపోయాయి. వెంటనే కొంత చోటు చేయాలి కాబట్టి, పాతవి అనుకున్న ప్లేట్ల ఫోల్డర్‌ను కొత్త సర్వర్‌కు తరలించమని ఐటీ విభాగం పెద్ద చెప్పారు. తరలించారు. రెండర్లు మళ్లీ మొదలయ్యాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కంపోజిటింగ్ (వేర్వేరు దృశ్యాలను ఒకే ఫ్రేములో కలిపే పని) ఫైలులో ప్లేటు ఉండదు, అది ఎక్కడుందో చెప్పే పాత్ మాత్రమే ఉంటుంది. క్లైమాక్స్ షాట్లలో సగానికి సగం ఆ "పాత" ప్లేట్ల మీదే కట్టి ఉన్నాయి. పైగా ఆ షాట్లలో, ఏదైనా ఫ్రేము దొరకకపోతే పని ఆపకుండా దాని స్థానంలో నల్ల ఫ్రేము తీసుకునేలా అమరిక పెట్టి ఉంది. అందువల్ల రెండర్లు చేసే యంత్రాల గుంపు, అంటే రెండర్ ఫార్మ్, ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. రాత్రంతా తెర మీద పచ్చ గీతలే, అన్నీ "పూర్తయింది" అనే. తెల్లవారుజామున ఒక కంపోజిటర్ అమ్మాయి నా గదికి వచ్చి, "అన్నా, ఒకసారి రండి. నా షాట్‌లో వర్షం ఉంది, పొగ ఉంది, హీరో లేడు" అంది. వెళ్లి చూస్తే నిజమే. కంప్యూటర్‌లో తయారుచేసిన వాన చినుకులు నల్లటి శూన్యంలో పడుతున్నాయి. పక్క షాటు తెరిచాం, అదే పరిస్థితి. దాని పక్కదీ అంతే.

ఆ ఫైళ్లు లోపల మామూలు టెక్స్టే కాబట్టి, పాత పాత్‌ల బదులు కొత్తవి రాసేందుకు ఒక చిన్న స్క్రిప్టు రాసి నడిపాం. అప్పుడు రెండో దెబ్బ తగిలింది. ఫార్మ్‌లోని యంత్రాలన్నీ ఒకేసారి ఆ ఒక్క కొత్త సర్వర్ మీద పడ్డాయి. దాని నెట్‌వర్క్ కేబుల్ నిండిపోయింది. పక్కనే ఉన్న మిగతా సర్వర్లు ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నాయి, వాటి శక్తిని వాడుకునే దారి మాత్రం లేదు. దర్శకుడు వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మా సూపర్‌వైజర్ ఆయన దగ్గరికి వెళ్లి "ఇంకో గంట సార్" అని చెప్పి రావడం, తిరిగి వచ్చి మా వెనక నిలబడి తెరలు చూడటం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఇంత జరిగినా ఆ రోజు ఒక్క డిస్కు చెడిపోలేదు, ఒక్క ఫైలు పోలేదు. బ్యాకప్ ఎంత బాగున్నా ఆ ఉదయం మాకు అక్కరకు వచ్చేది కాదు.

ఆ దెబ్బతోనే క్లస్టర్, అంటే ఒక్కటిగా పనిచేసే స్టోరేజ్ యంత్రాల గుంపు, కొనడానికి యాజమాన్యం ఒప్పుకుంది. మేము తీసుకున్నది ఐసిలాన్. దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వన్‌ఎఫ్‌ఎస్. 2001లో సియాటిల్‌లో సుజల్ పటేల్, పాల్ మైక్‌సెల్ ఈ సంస్థను మొదలుపెట్టారు. పటేల్ అంతకుముందు ఇంటర్నెట్‌లో ఆడియో, వీడియో ప్రసారానికి పేరున్న రియల్‌నెట్‌వర్క్స్‌లో పనిచేశారు. పెద్ద పెద్ద మీడియా ఫైళ్లకు ఈ పద్ధతి అంత చక్కగా అమరడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. 2010లో ఈఎంసీ దాన్ని 225 కోట్ల డాలర్లకు కొన్నది. ఇప్పుడు డెల్ చేతిలో పవర్‌స్కేల్ అనే పేరుతో ఉంది.

ఆ పెట్టె మూత తీసి చూస్తే లోపల మామూలు ప్రాసెసర్, మామూలు మెమరీ, మామూలు డిస్కులే. అడుగున ఉన్నది ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. తేడా అంతా దాని మీద రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అందుకే మీ కొటేషన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అనే మాట అంత ముందుకు వచ్చింది. ఒక్కో పెట్టెను నోడ్ అంటారు. ఎన్ని నోడ్లున్నా బయటికి కనిపించేది ఒకే ఒక్క వాల్యూమ్, అంటే ఒకే నిల్వ స్థలం. ఒక ఫైలును 128 కిలోబైట్ల ముక్కలుగా చేసి వేర్వేరు నోడ్ల మీద పరుస్తుంది, ఏ ముక్క పోయినా తిరిగి లెక్కగట్టుకోవడానికి వీలుగా అదనపు ముక్కలు కూడా రాసిపెడుతుంది. ఒక యంత్రంలోని డిస్కులను జతకట్టే మామూలు రెయిడ్ పద్ధతి కాపాడేది డిస్కును, ఇది కాపాడేది ఫైలును. ఈ తేడా చిన్నది కాదు. 20 టెరాబైట్ల డిస్కు ఒకటి పోతే, రెయిడ్‌లో కొత్త డిస్కు మీద సెకనుకు 200 మెగాబైట్లు ఆగకుండా రాసినా 28 గంటలు పడుతుంది. అంతసేపూ ఇంకో డిస్కు పోకూడదని దేవుణ్ణి తలుచుకోవాలి. క్లస్టర్‌లో ఖాళీ చోటును తిరిగి కట్టే పని లేదు, ఉన్న డేటాను మాత్రమే కడుతుంది. ఆ పనిని ఎన్నో డిస్కులు పంచుకుంటాయి.

కొన్నాళ్లకు మళ్లీ స్థలం తగ్గింది. పట్టపగలు, ఆర్టిస్టులు పనిలో ఉండగానే కొత్త నోడ్‌ను ర్యాక్‌లో బిగించి, కేబుళ్లు తగిలించి, క్లస్టర్‌లో చేర్చాం. కొద్ది నిమిషాల్లో మొత్తం స్థలం పెరిగింది. పాత నోడ్ల మీది డేటా వెనకాల మెల్లగా కొత్తదాని మీదికి సర్దుకోసాగింది. ఏ పాత్ మారలేదు, ఎవరి షాటూ ఆగలేదు. గోడ మీది కాగితం అప్పటికే పీకేశారు. ఎవరూ నా గదికి రాలేదు. నా ఉద్యోగంలో నాకు నిజంగా గర్వంగా అనిపించిన రోజు అది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్కెట్‌లో "స్కేలబుల్" అని రాసి అమ్మేవన్నీ ఇలా పనిచేయవు. కొన్నిటిలో ఒకే కంట్రోలర్‌కు (డిస్కులను నడిపే యంత్రానికి) డిస్కుల అరలు తగిలించుకుంటూ పోతారు. అది ఒకే ఇంజనుకు బోగీలు పెంచడం లాంటిది. స్థలం పెరుగుతుంది, వేగం అక్కడే ఉంటుంది. క్లస్టర్‌లో వచ్చే ప్రతి నోడ్ తన ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్క్ పోర్టులు వెంట తెచ్చుకుంటుంది. విండోస్‌లో డీఎఫ్‌ఎస్ నేమ్‌స్పేస్ (పలు సర్వర్ల ఫోల్డర్లను ఒకే చిరునామా కింద చూపే సదుపాయం) ఉంది కదా అని ఎవరైనా అంటారు. ఉంది, చిరునామాను దాచగలదు. కానీ దాని వెనక ఒక ఫోల్డర్ ఉండేది ఏదో ఒక సర్వర్‌లోనే. ఆ ఉదయం మాకు తగిలిన రెండో దెబ్బను అది ఆపేది కాదు.

అమ్మేవాళ్లు చెప్పే టెరాబైట్ల లెక్క నాకు ఒళ్లు మండిస్తుంది. 20 టెరాబైట్లని కొన్న డిస్కు విండోస్‌లో 18.2గా కనిపిస్తుంది. అందులో రక్షణ ముక్కలకు కొంత పోతుంది. పైగా 80, 90 శాతం దాటి నింపకూడదు. కొటేషన్‌లో మొదటి అంకె మాత్రమే లావుగా రాస్తారు. ఇంకొకటి, వన్‌ఎఫ్‌ఎస్ 128 కిలోబైట్లు, అంతకంటే చిన్న ఫైళ్లను ముక్కలు చేయకుండా పూర్తి నకళ్లుగా దాచుతూ వచ్చింది. రెండు వైఫల్యాలను తట్టుకునే అమరికలో అలాంటి ఫైలు ఒక్కోదానికి మూడు ప్రతులు. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు ఉన్న సంస్థలు ఈ సంగతి తెలియకుండా కొని, స్థలం ఏమైపోయిందని తల పట్టుకుంటాయి.

స్నాప్‌షాట్ (ఒక సమయంలో ఫైళ్లు ఉన్న స్థితిని గుర్తుపెట్టుకునే సదుపాయం) ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనే వాదన కూడా మానుకోవాలి. స్నాప్‌షాట్ గొప్ప సదుపాయమే, పొరపాటున తీసేసిన ఫోల్డర్‌ను క్షణంలో వెనక్కి ఇస్తుంది. కానీ అది ఉండేది అదే క్లస్టర్‌లో. గదికి నిప్పంటుకుంటే డేటా, స్నాప్‌షాట్ రెండూ కలిసే పోతాయి. "క్లౌడ్‌లో పెట్టేయండి" అని సలహా ఇచ్చేవారు కూడా ఒక లెక్క వేయాలి. ఏడున్నర టెరాబైట్ల సినిమాను 100 ఎంబీపీఎస్ లైను మీద పంపితే, ఒక్క క్షణం కూడా లైను తెగకపోయినా, దాదాపు ఏడు రోజులు పడుతుంది.

ఇక మీ సంగతి. మీది పదిమంది పనిచేసే ఆఫీసు అయి, ఉన్నవి వర్డ్, ఎక్సెల్ ఫైళ్లే అయితే క్లస్టర్ వద్దు. జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే ట్రూనాస్ లాంటి స్టోరేజ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక్క మంచి యంత్రంలో వేసుకుంటే సుఖంగా ఉంటారు. రాసిన ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే లెక్క) చూసుకుంటుంది, చెడిన డేటాను పట్టుకుంటుంది, ఖర్చు కూడా తక్కువ. డేటా ఏటా రెట్టింపవుతూ, ఒకే ఫైళ్లను చాలామంది ఒకేసారి తెరిచే పని మీదైతే మాత్రం సందేహించకుండా క్లస్టర్‌కే వెళ్లండి. విడివిడి సర్వర్లతో నెట్టుకొద్దామని చూస్తే ఆ ఆదా అంతా ఒక్క రాత్రిలో పోతుంది.

కొనేముందు డెమో అడగండి. స్లైడ్లు చూపిస్తే చూడకండి. ఒక పెద్ద ఫైలు కాపీ అవుతుండగా మీ చేత్తో ఒక నోడ్ పవర్ కేబుల్ పీకుతామని చెప్పండి. కాపీ ఆగకూడదు. ఓ క్షణం తడబడి మళ్లీ సాగితే ఫర్వాలేదు. తర్వాత అదే కాపీ నడుస్తుండగా ఇంకో నోడ్‌ను చేర్చమనండి. పాత్ మారకూడదు, ఎవరూ మళ్లీ లాగిన్ కావాల్సిన పని ఉండకూడదు. ఈ రెండిటికీ వాళ్లు వెనకాడితే ధర ఎంత తగ్గించినా ఆ కొటేషన్ మీద సంతకం పెట్టకండి.