కొత్త ల్యాప్‌టాప్‌ల ఏమేం ఎక్కియ్యాలె?

ప్రశ్న: సార్, మా బిడ్డ హన్మకొండల డిగ్రీల చేరింది, మొన్ననే ల్యాప్‌టాప్ కొన్నం. విండోస్ 11 ఉన్నది గని ఇంకేం లేదు. షాపాయన ఆఫీస్, యాంటీవైరస్, తెలుగు ఫాంట్లు అన్ని ఎక్కిస్త, 2,000 ఇయ్యిమంటుండు. ఇయ్యాల్నా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: వద్దన్నా, ఆ పైసలు జేబులనే ఉంచుకో. పెన్‌డ్రైవ్‌ల తెచ్చి ఎక్కిచ్చేది చాలాసార్లు క్రాక్ చేసిందే (లైసెన్స్ లేని దొంగ కాపీ) ఉంటది, అది ఎక్కాలంటే ముందుగాల యాంటీవైరస్ బంద్ పెట్టుమంటరు, అంటే దొంగ వచ్చేముందు కుక్కను కట్టేసినట్టే గద. విండోస్‌తోని వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ ఇంటి వాడకానికి సాలు, అప్‌డేట్లు ఆపకుంటె.

రాసుకునుడుకు లిబ్రేఆఫీస్ ఏసుకోండ్రి. 2010ల ఓపెన్‌ఆఫీస్ అనే ఇంకో ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, పైస కట్టేది లేదు. ఒక్కటే తిరకాసు, ఉత్తగ సేవ్ కొడితె ఓడీటీ ఫైల్ అయితది, లెక్చరర్ దగ్గర సరిగ తెరుచుకోకపోవచ్చు, సేవ్ యాజ్‌ల వర్డ్ డాక్ఎక్స్ పెట్టుమని పాపకు చెప్పు. సినిమాలకు వీఎల్‌సీ (ఫ్రాన్స్‌ల కాలేజీ పోరగాండ్ల ప్రాజెక్టుగ మొదలైంది అది!), జిప్ ఫైళ్లకు సెవెన్‌జిప్.

తెలుగుకైతే ఏం కొనొద్దు. సెట్టింగ్స్‌ల తెలుగు కలిపి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకుంటె ఇంగ్లిష్ అక్షరాలతోని కొట్టినా తెలుగే పడతది, విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితె మల్ల ఇంగ్లిష్. డీటీపీ సెంటర్ల ‘అను’ అనే ఫాంట్ల కొట్టిచ్చిన ఫైళ్లు మాత్రం గజిబిజిగ కనిపిస్తయి, అవి యూనికోడ్ (అన్ని మెషిన్లల్ల ఒక్కతీరుగ చదివే అక్షరాల పద్ధతి) కావు, మీ మెషిన్ తప్పేం లేదు.

ఇగ డౌన్‌లోడ్ చేసేటప్పుడు వెతుకులాటల పైన ప్రకటన అని వచ్చేది నొక్కకుండ్రి, అసలు సైట్‌కే పోండ్రి.