కేస్ ఫ్యాన్లు: చప్పుడు తక్కువ, గాలి ఎక్కువ కావాలంటే?

రాత్రిపూట పీసీ హోరుకి ఇంట్లోవాళ్లు లేస్తున్నారు, ఏ ఫ్యాన్లు కొనాలని ఒకరు అడిగారు. మీ పీసీ డబ్బాలో (కేసులో) పడితే 120 ఎంఎం బదులు 140 ఎంఎం తీసుకోండి. రెక్కలు పెద్దవి కాబట్టి నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోస్తాయి. అసలు కిటుకంతా వేగంలో ఉంది. అదే ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే ఒక్కదాన్ని 1,800 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) పరిగెత్తించే బదులు మూడింటిని 800 దగ్గర తిప్పడం మేలు.

4 పిన్నుల పీడబ్ల్యూఎం రకమే (వేగాన్ని మదర్‌బోర్డు అదుపు చేయగలిగేవి) అడగండి, బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, వేగం సర్దుకోవచ్చు. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ముందు రంగురంగుల లైట్లవే చూపిస్తారు. లైట్లతో గాలి రాదు కదా! తక్కువ ధరలో, 120 ఎంఎం అయితే ఆర్కిటిక్ కంపెనీ పీ12 బాగుంటుంది, డబ్బులుంటే నాక్టువా కంపెనీవి.

కొనేముందు ముందువైపు ఫిల్టర్ ఊడదీసి చూడండి. నాదైతే మెట్రో పనులప్పటి దుమ్ముతో దుప్పటిలా తయారైంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపాక సగం హోరు తగ్గింది. ఒకటి మాత్రం నిజం, మే నెలలో గది 38 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ కేసుని అంతకంటే చల్లబరచలేదు.